గుమ్మం నుంచి గుమ్మానికి: హైదరాబాదు - విశాఖ విమాన ప్రయాణపు లెక్క

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మన సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టువారు పెన్షను అంటే సర్కారు దయతలచి వేసే భిక్ష కాదని, చేసిన సేవకు దక్కిన హక్కు అని తేల్చి చెప్పారు. ఆ తీర్పు గురించి నాకు ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. మన కార్యదర్శిగారు నన్ను మాత్రం "మీకు బాగా తెలిసిన సంగతి ఏదైనా ఒకటి, పదిమందికీ పనికొచ్చేది, ఇరవై నిమిషాల్లో చెప్పండి" అని ఆజ్ఞాపించారు. నాకు బాగా తెలిసినది ఏమిటా అని ఆలోచిస్తే ఒక్కటే తోచింది. అది టి.ఏ. బిల్లు.

1972లో గుమాస్తాగా చేరి 2008లో రిటైరయ్యాను. ఈ 36 ఏళ్ల సర్వీసులో సగానికి పైగా బిల్లుల సెక్షన్లోనే గడిచింది. ఎవరు ఎక్కడికి టూరు వెళ్లారు, ఏ దారిన వెళ్లారు, ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలకు బయల్దేరి ఎన్ని గంటలకు చేరారు, ఇవన్నీ చూసి, ఎక్కువ రాస్తే ఎర్రసిరాతో కొట్టేయడం నా ఉద్యోగం. అంచేత ఈ రోజు నేను దూరం గురించి, కాలం గురించి మాట్లాడతాను. పోయిన నెల మన సభ్యులొకరు నన్ను అడిగారు, "ఏమండీ, మా అమ్మాయి విశాఖలో ఉంటోంది, హైదరాబాదు నుంచి విమానంలో ఎంతసేపు పడుతుంది?" అని. నేను "ఎక్కడి నుంచి ఎక్కడికండీ?" అన్నాను. ఆయన నవ్వేసి "చెప్పానుగా, హైదరాబాదు నుంచి విశాఖకి" అన్నారు. నా ప్రశ్న వేళాకోళం కాదని ఈ ఇరవై నిమిషాల్లో మనవి చేసుకుంటాను.

ముందుగా ఒక పాత తప్పు ఒప్పుకోవాలి. 1979 ప్రాంతంలో నేను శ్రీకాకుళం జిల్లాలో పనిచేస్తున్నాను. మా ఆఫీసు అటెండరు ఒకాయన ఏజెన్సీ వైపు ఉన్న చిన్న ఆఫీసుకి రిజిస్టర్లు మోసుకుపోయి ఇచ్చి వచ్చాడు. మామూలుగా ఒక్క రోజు పని. ఆ వారం వానలకు దారిలో గెడ్డ పొంగింది. బస్సు అవతలికి పోలేదు. ఆయన వెనక్కి వచ్చి, చుట్టు తిరిగి, రెండు బస్సులు మారి, కొంత నడిచి మర్నాటికి చేరాడు. బిల్లులో రెండో రోజు భత్యం, చుట్టుదారి బస్సు చార్జీలు రాశాడు. నేను ఎర్రసిరాతో "దగ్గరి దారి ఉండగా చుట్టుదారి అనుమతించడానికి వీలు లేదు" అని రాసి పదకొండు రూపాయల చిల్లర కొట్టేశాను. ఆయన నా బల్ల దగ్గరకు వచ్చి నెమ్మదిగా "బాబూ, తమరు కాగితం మీద కొలిచారు, నేను నడిచి కొలిచాను" అని, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. నాకు ఆ రోజు కోపం వచ్చింది. ఆ మాట ఎంత నిజమో తెలియడానికి 30 ఏళ్లు పట్టింది. ఆ సంగతి తరవాత చెబుతాను.

ఇప్పుడు కాగితం మీద లెక్క చూద్దాం. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు, హైస్కూలు లెక్కలు చాలు. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. దాన్ని 360 డిగ్రీలకు పంచితే డిగ్రీకి 111 కిలోమీటర్లు వస్తుంది. ఉత్తర దక్షిణాలకు ఎక్కడైనా ఈ లెక్కే. తూర్పు పడమరలకు మాత్రం భూమధ్యరేఖ నుంచి దూరం జరిగే కొద్దీ తగ్గుతుంది. మన ప్రాంతంలో డిగ్రీకి సుమారు 106 కిలోమీటర్లు. శంషాబాదు విమానాశ్రయం 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. మనం ఎన్నో ఏళ్లుగా ఎరిగిన విశాఖ విమానాశ్రయం 83.22 మీద ఉంది. తేడా 4.79 డిగ్రీలు, అంటే సుమారు 508 కిలోమీటర్లు తూర్పుకి. శంషాబాదు కంటే విశాఖ అరడిగ్రీకి కొంచెం తక్కువగా ఉత్తరాన ఉంది, అంటే సుమారు 53 కిలోమీటర్లు. ఈ రెండు భుజాలతో లంబకోణ త్రిభుజం గీసి కర్ణం కడితే సుమారు 511 కిలోమీటర్లు వస్తుంది. పైలట్ల నాటికల్ మైళ్లలో చెబితే 276. ఒక నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు.

ఇదే తేడాతో పంచాంగం చూసేవారికి మరో లెక్క కూడా దొరుకుతుంది. సూర్యుడికి ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాలు. అంటే విశాఖలో నడినెత్తికి వచ్చిన సూర్యుడు హైదరాబాదులో నడినెత్తికి రావడానికి మరో 19 నిమిషాలు పడుతుంది. గడియారం మాత్రం రెండు చోట్లా ఒకటే. ఎందుకంటే దేశమంతా 82.5 డిగ్రీల రేఖాంశం టైమునే పాటిస్తుంది. ఆ రేఖ మన కాకినాడకు దగ్గరలో నుంచే పోతుంది.

మరి రైలుకి ఈ దూరం ఎందుకు ఎక్కువ? రైలు కాజీపేట, వరంగల్లు, ఖమ్మం మీదుగా ఆగ్నేయంగా విజయవాడకు దిగి, అక్కడ నుంచి కోస్తా వెంట ఈశాన్యానికి ఎక్కుతుంది. రోడ్డు కూడా అంతే, విజయవాడ వెళ్లి తిరగాలి. అంచేత సికింద్రాబాదు నుంచి విశాఖకు రైలు దారి సుమారు 700 కిలోమీటర్లు, రోడ్డు 600 పైచిలుకు, ఆకాశం 511. 1974 నుంచి నడుస్తున్న గోదావరి ఎక్స్‌ప్రెస్ మనలో చాలామందికి ఇంటి మనిషి లాంటిది. సాయంత్రం ఎక్కి పడుకుంటే తెల్లవారేసరికి విశాఖ. 2023 జనవరి 15న సికింద్రాబాదు - విశాఖ వందేభారత్ మొదలైనప్పుడు ప్రయాణ కాలం ఎనిమిదిన్నర గంటలు అని ప్రకటించారు.

ఇక విమానం. పెద్ద జెట్ విమానం పైకి చేరాక గంటకు సుమారు 800 కిలోమీటర్ల వేగంతో పోతుంది. 511ని 800తో భాగిస్తే 38 నిమిషాలు. కానీ టికెట్టు మీద గంటా పదో, గంటా పావో వేస్తారు. మా మనవడు ఒకసారి "తాతగారూ, మిగతా టైము ఎవరు తినేశారు?" అని అడిగాడు. ఎవరూ తినలేదు. విమానం చక్రాలకు అడ్డంగా దిమ్మలు పెడతారు. ఆ దిమ్మలు తీసి కదిలినప్పటి నుంచి, అవతల ఊళ్లో ఆగి మళ్లీ దిమ్మలు పెట్టేదాకా పట్టే కాలాన్ని బ్లాక్ టైము అంటారు. టికెట్టు మీద ఉండేది అదే. అందులో రన్‌వే దాకా నెమ్మదిగా దొర్లుకుంటూ పోవడం, ముందున్న విమానాల వెనక వరసలో నిలబడడం, పైకెక్కేటప్పుడు, దిగేటప్పుడు తగ్గే వేగం, గాలివాలు చూసి తిరిగి రన్‌వేకి ఎదురుగా రావడం అన్నీ కలిసి ఉంటాయి. 500 కిలోమీటర్ల ప్రయాణంలో ఎక్కడం, దిగడమే సగం. పై ఎత్తున పూర్తి వేగంతో పోయేది కొద్దిసేపే. అదే రెక్కల ముందు పంకాలు తిరిగే చిన్న ఏ.టి.ఆర్. విమానమైతే వేగం గంటకు 500 దరిదాపుల్లో ఉంటుంది, ఇంకొంచెం ఎక్కువ పడుతుంది.

గాలి సంగతి కూడా ఒక మాట. శీతాకాలంలో పై ఎత్తున పడమటి గాలి వీస్తుంది గనక విశాఖ వెళ్లేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురొస్తుంది. నైరుతి రుతుపవనాల కాలంలో ఇంకా పై ఎత్తున తూర్పు నుంచి పడమరకు ఒక పెద్ద గాలి ప్రవాహం ఉంటుంది. దాన్ని 1950లలో లోకానికి తెలియజెప్పినవారు మన తెలుగువారే, భారత వాతావరణ శాఖకు అధిపతిగా పనిచేసిన డాక్టర్ పి. కోటేశ్వరంగారు. ఇంత చిన్న దూరంలో గాలివల్ల వచ్చే తేడా కొద్ది నిమిషాలే అయినా, పోను ఒక టైము రాను ఒక టైము టికెట్టు మీద కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇంతవరకూ చెప్పింది విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి. అయితే విమానాశ్రయంలో ఎవరైనా కాపురం ఉంటారా? అసలు చిక్కు అక్కడే ఉంది.

నేను రిటైరైన 2008లోనే, మార్చి 23న, హైదరాబాదు విమానాలు బేగంపేట వదిలి శంషాబాదుకు మారాయి. బేగంపేట నుంచి విశాఖకు ఆకాశంలో సుమారు 505 కిలోమీటర్లు. శంషాబాదు నుంచి సుమారు 511. అంటే విమానాశ్రయం మారినందువల్ల పైన పెరిగిన దూరం ఆరు కిలోమీటర్లు, అరనిమిషం ప్రయాణం. మరి కింద? నేనుండే నల్లకుంట నుంచి బేగంపేటకు ఆటోలో అరగంట. శంషాబాదుకు గంట నుంచి గంటన్నర. 2009 అక్టోబరులో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే తెరిచాక కొంత సుఖమైంది. ఆర్టీసీవారి పుష్పక్ బస్సులు మనబోటివారికి కొంత ఖర్చు తగ్గించాయి. అయినా నల్లకుంట నల్లకుంటే, శంషాబాదు శంషాబాదే. మేము కదలలేదు, విశాఖా కదలలేదు. మధ్యలో ప్రయాణం మాత్రం గంట పెరిగింది.

అటువైపూ ఇదే కథ. విశాఖ పాత విమానాశ్రయం నౌకాదళం వారి ఐ.ఎన్.ఎస్. డేగా స్థావరంలో, ఊరికి ఆనుకునే ఉన్నది. భోగాపురం దగ్గర కొత్త విమానాశ్రయానికి 2023 మే నెలలో శంకుస్థాపన జరిగి పనులు నడిచాయి. దానికి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. భోగాపురం విశాఖకు సుమారు 45 కిలోమీటర్లు, విజయనగరానికి పాతిక లోపు. శంషాబాదు నుంచి ఆకాశ మార్గం లెక్క వేస్తే సుమారు 540 కిలోమీటర్లు, అంటే 30 కిలోమీటర్లు ఎక్కువ. గాజువాకలో అల్లుడున్నవారికి ఆ విమానాశ్రయం దూరం. విజయనగరంలో అన్నదమ్ములున్నవారికి దగ్గర. విమానం ఒకటే, టికెట్టు ఒకటే, ఒకరికి గంట నష్టం, ఒకరికి గంట లాభం. అందుకే ఆ సభ్యుణ్ణి "ఎక్కడి నుంచి ఎక్కడికి?" అని అడిగాను.

మిత్రులారా, నా స్వవిషయం చెబితే విసుక్కోకండి. ఈ లెక్కలన్నీ నాకు వచ్చింది పుస్తకంలో కాదు.

మా స్వస్థలం విజయనగరం. మా నాన్నగారు చిన్నతనంలోనే పోతే మా అన్నయ్యే నన్ను చదివించాడు. బడిపంతులుగా పనిచేశాడు. అయ్యకోనేరు దగ్గర ఇల్లు. 2010 జనవరిలో, సంక్రాంతి వెళ్లిన వారానికి, తెల్లవారుజామున అయిదున్నరకు అన్నయ్య కొడుకు ఫోను చేశాడు. "బాబాయ్, నాన్నగారికి రాత్రి నుంచి బాగా లేదు. డాక్టరుగారు ఇంటికి వచ్చి చూసి, రావలసినవారిని పిలిపించమన్నారు. మిమ్మల్నే అడుగుతున్నారు" అన్నాడు. మా పెద్దవాడు వెంటనే తొమ్మిదీ నలభై విమానానికి టికెట్టు కొన్నాడు. దిగేది పదీ యాభైకి అని టికెట్టు మీద ఉంది. నేను దాన్ని చేత్తో పట్టుకుని మా వాడికి ఫోను చేసి "పదకొండుకల్లా విశాఖలో ఉంటాను, పన్నెండు కొట్టేసరికి మీ గుమ్మంలో ఉంటానని నాన్నకు చెప్పు" అన్నాను. నాకు అదే మొదటి విమాన ప్రయాణం.

ఆ రోజు పొద్దున్న మంచు. విమానం గంటా పది నిమిషాలు ఆలస్యంగా లేచింది. అందులో ఎవరి తప్పూ లేదు, దారి కనబడకుండా విమానం లేపకూడదు కదా. విశాఖలో పన్నెండుకు దిగాం. పెట్టె వచ్చేసరికి పాతిక నిమిషాలు. బయట టాక్సీ మాట్లాడుకునేసరికి మరో పది. అక్కడ నుంచి ఆనందపురం మీదుగా విజయనగరం 60 కిలోమీటర్ల దారి. లారీల వెనక, ఊళ్ల మధ్య, గంటన్నర పట్టింది. నేను మా అన్నయ్య గుమ్మంలో అడుగు పెట్టేసరికి రెండూ పది. అన్నయ్య ఒంటిగంట దాటి అయిదు నిమిషాలకు వెళ్లిపోయాడు.

పదో రోజు వెళ్లాక మా వదిన ఒక మాట చెప్పింది. పదకొండున్నర నుంచీ మంచం ఎదురుగా ఉన్న గోడగడియారం వైపే చూశాడట. పన్నెండు కొట్టగానే "వచ్చాడా?" అన్నాడట. "ఇంకా రాలేదు, విమానం ఆలస్యమేమో" అని మా వాడు అంటే "వాడు గుమాస్తారా, వాడి లెక్క తప్పదు. వీధిలో చూడు" అన్నాడట. మూడుసార్లు మా వాణ్ణి వీధిలోకి పంపాడట. నాలుగోసారి పంపడానికి ఓపిక లేకపోయింది.

ఏళ్లు గడిచాయి. నేను ఆలోచించి ఆలోచించి ఒక సంగతి తేల్చుకున్నాను. నేను ఆలస్యంగా చేరడం నా తప్పు కాదు. ఆ రోజు ఇంకే రైలు ఎక్కినా రాత్రి లోపల చేరేవాణ్ణి కాదు. కాని చెప్పిన టైము నా తప్పు. మంచు లేకపోయినా పన్నెండుకు చేరలేకపోయేవాణ్ణి. పదీ యాభైకి దిగితే పెట్టెకు, టాక్సీకి అరగంట, దారికి గంటన్నర, ఒంటిగంట కావస్తుంది. ఒకళ్ల బిల్లులో అరగంట తేడా ఉంటే పట్టుకునేవాణ్ణి, నా బిల్లు నేను సరిచూసుకోలేదు. "మధ్యాహ్నం రెండు దాటుతుందిరా" అని ఆ తెల్లవారుజామునే చెప్పి ఉంటే, ఆయన పదకొండున్నర నుంచి గడియారం చూసేవాడు కాదు. నన్ను చూడకుండా పోయినా, నా కోసం వీధిలోకి చూస్తూ పోయేవాడు కాదు.

ఆ తరవాత నాకు ఆ శ్రీకాకుళం అటెండరు మాట రోజూ గుర్తుకొచ్చేది. కొన్నాళ్లకు మన మిత్రులు, కేంద్ర ప్రభుత్వంలో పనిచేసి రిటైరైనవారు, తమ దగ్గరున్న పాత రూల్సు పుస్తకం చదవమని ఇచ్చారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ప్రయాణ భత్యాలకు సంబంధించిన సప్లిమెంటరీ రూల్సులో 30వ రూలు చూశాను. రెండు మూడు దారులు ఉన్నప్పుడు దగ్గరి దారినే లెక్కించాలని అందులో ఉంది. అది నాకు తెలిసిందే. కాని దాని కిందనే దగ్గరి దారి అంటే ఏమిటో కూడా చెప్పారు. మామూలు ప్రయాణ సాధనాలతో ప్రయాణికుడు అన్నిటికంటే త్వరగా చేరగలిగే దారే దగ్గరి దారి అని దాని సారాంశం. అంటే మైళ్లు తక్కువైనది కాదు, ముందుగా చేర్చేది. గెడ్డ పొంగినప్పుడు ఆ అటెండరు వెళ్లిన చుట్టుదారే దగ్గరి దారి. ఎప్పుడో తెల్లదొరల కాలంలో రూలు రాసినవాడికి ఉన్న ఇంగితం దాన్ని అమలు చేసిన నాకు లేకపోయింది. ఆయన ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. ఉంటే పదకొండు రూపాయలూ, దానితో పాటు క్షమాపణా బాకీ ఉన్నాను. ఈ సభాముఖంగా ఆ బాకీ ఒప్పుకుంటున్నాను.

ఇక పనికొచ్చే మాటలు చెప్పి ముగిస్తాను. ఇవాళ నల్లకుంట నుంచి విశాఖలో ఎం.వి.పి. కాలనీకి, పాత విమానాశ్రయం లెక్కన, గుమ్మం నుంచి గుమ్మానికి బిల్లు వేద్దాం. ఇంటి నుంచి శంషాబాదుకు గంటన్నర. అక్కడ బయల్దేరే టైముకి రెండు గంటల ముందు ఉండాలి. విమానం గంటా పావు. దిగి సామాను తీసుకోవడానికి అరగంట. ఊళ్లోకి ముప్పావు గంట. మొత్తం ఆరు గంటలు. భోగాపురంలో దిగవలసి వస్తే మరో అరగంటో ముప్పావో కలుపుకోవాలి. వందేభారత్ అయితే ఇంటి నుంచి సికింద్రాబాదుకు ముప్పావు గంట, ముందు అరగంట, రైల్లో ఎనిమిదిన్నర, స్టేషను నుంచి ఇంటికి అరగంట, మొత్తం పది గంటల పావు. టికెట్లు రెండూ పక్కన పెట్టి చూస్తే రైలుకి విమానం కంటే దాదాపు ఏడు రెట్లు కాలం. గుమ్మాలు లెక్కలోకి తీసుకుంటే రెండు రెట్లు కూడా కాదు. విమానం మంచిది కాదని నేను అనడం లేదు. నాలుగు గంటలు కలిసివస్తాయి, మన వయసులో నాలుగు గంటలు కూర్చోవడం తగ్గడం చిన్న విషయం కాదు. పైగా 2020 మార్చిలో రైళ్లలో వృద్ధులకు రాయితీ తీసేశాక, ముందుగా కొంటే విమానానికీ పైతరగతి రైలుకీ ధరలో తేడా కొన్నిసార్లు కొద్దిగానే ఉంటోంది. ఎవరి వీలు వారిది. లెక్క మాత్రం సరిగ్గా వెయ్యండి.

విమానం ఎక్కే మన సభ్యులకు నాలుగు సూచనలు. మొదటిది, టికెట్టు మీద పేరు ఆధార్ కార్డు మీద ఉన్నట్టే ఉండాలి. మనకు ఇంటిపేరు ముందు, వాళ్లకు వెనక. పిల్లలు తొందరలో పొడి అక్షరాలతో కొనేస్తే గేటు దగ్గర తగవు వస్తుంది. రెండోది, దేశంలోపలి విమానానికి సామాను తీసుకునే కౌంటరు సాధారణంగా గంట ముందే మూసేస్తారు, ఎక్కే గేటు సుమారు 25 నిమిషాల ముందు మూసేస్తారు. బయల్దేరే టైముకు చేరితే టాటా చెప్పడానికే చేరినట్టు. మూడోది, మోకాళ్ల నొప్పులున్నవారు వీల్ చైర్ కావాలని టికెట్టు కొన్నప్పుడే చెప్పించండి. అందులో నామోషీ లేదు. అయితే వీల్ చైరువారిని విమానంలోంచి ఆఖరున దింపుతారు, దానికి పావుగంటో ఇరవై నిమిషాలో కలుపుకోండి. నాలుగోది, బి.పి., షుగరు మందులు పెద్ద పెట్టెలో పెట్టకండి, చేతిసంచిలో ఉంచుకోండి. పెట్టె ఒక ఊరు, మనం ఒక ఊరు పోవడం అప్పుడప్పుడు జరుగుతుంది.

అయిదోది సూచన కాదు, ప్రార్థన. అవతల మీ కోసం ఎవరైనా కనిపెట్టుకుని ఉంటే, వారికి టికెట్టు మీది టైము చెప్పకండి. గుమ్మంలో అడుగు పెట్టే టైము చెప్పండి. దానికి ఒక గంట కలిపి చెప్పండి. ముందు వెళితే సంతోషిస్తారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ విమానాశ్రయాన్ని ఛిన్నాభిన్నం చేసినప్పుడు కొద్ది రోజులు అక్కడికి విమానాలే లేవు. దూరం మాత్రం అదే 511 కిలోమీటర్లు. అంచేత కాగితం మీది దూరాన్ని నమ్ముకుని ఎవరికీ మాట ఇవ్వకండి.

ఇక్కడున్న పిల్లలకు కూడా ఒక మాట. మీరు బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉండి "ఎంత దూరం తాతగారూ, విమానం ఎక్కితే వచ్చేస్తాం" అంటూ ఉంటారు. ఆ మాట మాకు ధైర్యమే. కాని మా గదిలోనూ ఒక గోడగడియారం ఉంటుంది. "పన్నెండుకు వస్తాం" అంటే మేము పదకొండున్నర నుంచి చూస్తాం. ఎప్పుడొస్తారో సరిగ్గా చెప్పండి. ఆలస్యమైతే ఒక్క ఫోను చెయ్యండి. అంతకంటే మేము కోరేది లేదు.

మొన్న నన్ను అడిగిన ఆ సభ్యులు కూడా ఈ సభలో ఉన్నారు. అయ్యా, మీ ప్రశ్నకు జవాబు, మీ ఇంటి నుంచి మీ అమ్మాయి ఇంటికి ఆరున్నర గంటలు. అమ్మాయికి ఏడు అని చెప్పండి.

కార్యదర్శిగారు ఇచ్చిన ఇరవై నిమిషాలూ ఇరవై అయిదు అయినట్టున్నాయి. ఈ అయిదు నిమిషాలూ అధ్యక్షులవారు ఎర్రసిరాతో కొట్టేయకుండా మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను.